చిన్న ల్యాబ్‌లో బయోసేఫ్టీ: రూమ్ సర్దుకోవడం నుంచి సూది గుచ్చుకుంటే చెయ్యాల్సిన పనుల దాకా

డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) అయిపోయి కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్ళూ సొంతంగా కలెక్షన్ సెంటర్ పెట్టుకున్నవాళ్ళూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. హైపో (క్రిముల్ని చంపే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం) ఎంత కలపాలి, ఏ బ్యాగులో ఏది వెయ్యాలి, తెమడ డబ్బా ఎక్కడ ఓపెన్ చెయ్యాలి, సూది గుచ్చుకుంటే ఎక్కడికి పోవాలి. అన్నీ ఒకేచోట వరసగా రాస్తున్నా.

ఇది ఇద్దరు ముగ్గురు పనిచేసే ల్యాబ్ కోసం. రెండు గదులు, ఒక సెంట్రిఫ్యూజ్, సెల్ కౌంటర్, సెమీ ఆటో ఎనలైజర్, మైక్రోస్కోప్, అంతే. కాలేజీల్లో రీసెర్చ్ చేసేవాళ్ళకి 6, 7, 9 నంబర్లు ఎక్కువ పనికొస్తాయి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. "ఈ పేషెంట్‌కి హెచ్ఐవీ ఉంది జాగ్రత్త" అని ట్యూబు మీద ఎర్ర పెన్నుతో రాసుకునే అలవాటు ఇంకా ఉంది, అది మానెయ్యండి. టెస్టు చెయ్యకముందు ఎవరికి ఏముందో ఎవరికీ తెలీదు, ఎర్ర గుర్తు లేని ట్యూబు దగ్గర మనకి తెలీకుండానే చెయ్యి అశ్రద్ధ అయిపోతుంది. ప్రతి శాంపిలూ పాజిటివే అనుకుని పని చెయ్యాలి.

## 1. రూమ్‌ని రెండు భాగాలు చెయ్యండి

ఒక పక్క శాంపిల్ పని, ఇంకో పక్క కంప్యూటర్, రిపోర్టులు, ఫోను. స్థలం లేకపోతే టేబుల్ మీద రంగు టేపు అంటించి గీత పెట్టుకోండి, ఆ మాత్రం చాలు. గీతకి అటు గ్లోవ్స్ చెయ్యి, ఇటు ఖాళీ చెయ్యి.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నేను చూసినంతవరకు ఎక్కువ తప్పులు ఇక్కడే మొదలవుతాయి, గ్లోవ్స్ వేసుకుని బ్లడ్ తీసి, అదే గ్లోవ్స్‌తో కీబోర్డ్ మీద పేరు కొట్టి, తలుపు గొళ్ళెం తీసి, ఫోను ఎత్తి, తర్వాత గ్లోవ్స్ తీసేసి అదే ఫోను చెవి దగ్గర పెట్టుకుంటారు. హెపటైటిస్ బీ వైరస్ ఎండిపోయిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు, కంటికి మరక కనిపించకపోయినా సరే.

పని మొదలుపెట్టేముందు చూసుకోవాల్సినవి:

- చేతులు కడుక్కునే సింకు తలుపు దగ్గర, శాంపిల్స్ పారబోసే సింకు వేరే
- టేబుల్ పైభాగం గ్రానైట్ గానీ సన్మైకా గానీ, పగుళ్ళు ఉండకూడదు, పేపరు పరచకూడదు
- శాంపిల్ ఫ్రిజ్‌లో టిఫిన్ బాక్స్, పాల ప్యాకెట్, మంచినీళ్ళ బాటిల్ ఏవీ ఉండకూడదు
- ఫ్యాన్ గాలి సరిగ్గా పనిచేసే టేబుల్ మీదకి కొట్టకూడదు
- కుర్చీలకి బట్ట కవర్లు వద్దు, తుడిస్తే పోయే రెక్సిన్ మేలు

## 2. మనుషుల్ని సిద్ధం చెయ్యండి

హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలల్లో. ఇది ల్యాబ్ ఊడ్చే ఆయమ్మకీ, శాంపిల్స్ బైక్ మీద తెచ్చే అబ్బాయికీ కూడా. వేస్టు సంచులు ఎత్తేది వాళ్ళే గనక నిజానికి వాళ్ళకే ముందు వెయ్యాలి. మూడో డోసు అయిన ఒకటి రెండు నెలలకి యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ చేయించండి, మిల్లీలీటరుకి 10 మిల్లీ యూనిట్లు దాటితే టీకా పట్టి రక్షణ ఉన్నట్టు. చాలామంది మూడు డోసులు వేయించుకుని ఈ టెస్టు మాత్రం వదిలేస్తారు. కొంతమందికి టీకా పట్టదు, అది సూది గుచ్చుకున్న రోజున తెలిస్తే ఏం లాభం.

టెటనస్ టీకా కూడా చూసుకోండి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం ఈ రెండు టీకాలూ, సిబ్బందికి ఏడాదికోసారి హెల్త్ చెకప్, ట్రైనింగ్ ఇవన్నీ యజమాని బాధ్యతే, అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

## 3. హైపో కలపడం

ఎక్కువ మంది తప్పు చేసేది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

బాటిల్ మీద ఎంత శాతమో చూడండి. అందులోంచి 1 తీసెయ్యండి. వచ్చిన అంకె ఎంతో, ఒక భాగం హైపోకి అన్ని భాగాల నీళ్ళు కలిపితే 1% ద్రావణం వస్తుంది. అంటే 5% బాటిల్ అయితే ఒక భాగానికి నాలుగు భాగాల నీళ్ళు, లీటరు కావాలంటే 200 ఎంఎల్ హైపో, 800 ఎంఎల్ నీళ్ళు. 10% బాటిల్ అయితే 100 ఎంఎల్‌కి 900 నీళ్ళు.

ఏ రోజుది ఆ రోజే కలపాలి. ప్లాస్టిక్ బకెట్‌లో, మూత పెట్టి, ఎండ తగలని చోట. నిన్నటిది మిగిలింది కదా అని దాంట్లోనే ఇంకో గ్లాసు పోసేవాళ్ళున్నారు, అప్పుడు అందులో ఎంత శాతం ఉందో దేవుడికే తెలియాలి. బాటిల్ కూడా కొన్నప్పుడు 5% ఉన్నది మే నెల ఎండల్లో కిటికీ పక్కన పెడితే అంత ఉండదు. చిన్న బాటిల్స్ కొని త్వరగా వాడేసుకోవడమే మంచిది.

హైపోలో ఇవి ఎప్పుడూ కలపకూడదు:

- బాత్రూమ్ కడిగే యాసిడ్, అలాగే తెమడ స్లైడ్ స్టెయినింగ్‌లో వాడే సల్ఫ్యూరిక్ యాసిడ్. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న గదిలో ఊపిరి ఆడదు
- అమ్మోనియా ఉన్న క్లీనర్లు
- యూరిన్ ఎక్కువ మొత్తంలో. ఘాటుగా కళ్ళు మండే వాసన వస్తే అది క్లోరమైన్ అనే గ్యాస్, హైపో బలంగా పనిచేస్తోందనడానికి గుర్తు కాదు
- ఆర్‌టీపీసీఆర్ ఎక్స్‌ట్రాక్షన్ కిట్ల లైసిస్ బఫర్. వాటిల్లో గ్వానిడిన్ ఉంటుంది, హైపో తగిలితే విషవాయువు వస్తుంది. కిట్ మీద గ్వానిడిన్ అని ఉంటే ఆ ద్రవాన్ని విడిగా కెమికల్ వేస్టుగా పెట్టండి

స్టీలు మీద హైపో వేస్తే పది పదిహేను నిమిషాల తర్వాత నీళ్ళతో గానీ 70% ఆల్కహాల్‌తో గానీ తుడవండి, లేకపోతే తుప్పు పడుతుంది. ఇంకోటి, హైపో రక్తం మీద నేరుగా పోస్తే రక్తంలోని ప్రొటీన్ క్లోరిన్‌ని తినేస్తుంది, అందుకే ముందు రక్తం పీల్చే కాగితమో కాటనో వేసి దాని మీద పొయ్యాలి. 8లో మళ్ళీ వస్తుంది.

## 4. ఏప్రాన్, గ్లోవ్స్, మాస్క్

వేసుకునే వరస: ఏప్రాన్, మాస్క్, కళ్ళద్దాలు అవసరమైతే అవి, చివర్లో గ్లోవ్స్, గ్లోవ్ అంచు ఏప్రాన్ చేతి మీదకి రావాలి.

తీసే వరస: గ్లోవ్స్ ముందు, లోపలి వైపు బయటికి వచ్చేలా. చేతులు శుభ్రం చేసుకోండి. తర్వాత ఏప్రాన్, కళ్ళద్దాలు, మాస్క్ చివర్లో. మళ్ళీ సబ్బుతో చేతులు.

ఏప్రాన్‌తో టీ కొట్టుకి వెళ్ళడం, ఏప్రాన్ ఇంటికి తీసుకెళ్ళి పిల్లల బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వెయ్యడం, ఈ రెండూ ఆపండి. ఏప్రాన్ ల్యాబ్‌లోనే మేకుకి తగిలించి ఉండాలి. ఇంటికి తీసుకెళ్ళక తప్పదంటే మరకలు ఉన్నది ల్యాబ్‌లోనే నానబెట్టి, విడిగా వేడినీళ్ళలో ఉతకండి. చున్నీ వేసుకునేవాళ్ళు అది ఏప్రాన్ లోపలికి వెళ్ళేలా కట్టుకోవాలి, లేకపోతే అది టేబుల్ మీద ట్యూబుల్ని దొర్లించేస్తుంది, సెంట్రిఫ్యూజ్‌లో పడితే ఇంకా ప్రమాదం. చెప్పులు కాదు, ముందు మూసి ఉన్న బూట్లు. గ్లోవ్స్ కడిగి మళ్ళీ వాడటం గురించి అడగనే అడగొద్దు.

## 5. బ్లడ్ తీసేటప్పుడు

పేషెంట్ కూర్చునేముందే సూదుల డబ్బా చెయ్యి అందేంత దూరంలో పెట్టుకోండి. డబ్బా గదికి అవతల మూల ఉంటే, తీసిన సూది పట్టుకుని నడవాల్సి వస్తుంది, ఆ నడకలోనే పక్కవాళ్ళకి గుచ్చుతుంది.

- సూదికి మూత తిరిగి పెట్టకూడదు. గుచ్చుకునే కేసులు చాలా ఈ మూత పెట్టడం దగ్గరే జరుగుతాయి
- సిరంజితో తీసి వ్యాక్యుటైనర్ రబ్బరు మూతలోకి గుచ్చి నింపడం మానండి. వ్యాక్యుటైనర్ సూది, హోల్డర్ ఉంటే అవే వాడండి, లేదంటే సూది కట్టర్‌లో తీసేసి ట్యూబు మూత తెరిచి అంచు వెంట నెమ్మదిగా వదలండి
- డబ్బా మూడొంతులు నిండగానే మూసెయ్యాలి, కుక్కకూడదు
- చిన్నపిల్లలకి తీసేటప్పుడు గట్టిగా పట్టుకోవడానికి ఇంకో మనిషి లేకుండా మొదలుపెట్టొద్దు

ట్యూబు చుట్టూ రిక్వెస్ట్ స్లిప్ చుట్టి రబ్బరు బ్యాండ్ వెయ్యడం మన దగ్గర మామూలైపోయింది. ట్యూబు కారితే ఆ కాగితం రిసెప్షన్ దాకా, ఫైల్ దాకా వెళ్తుంది. స్లిప్ వేరే కవర్‌లో.

## 6. గాల్లోకి లేచే తుంపర్లు: సెంట్రిఫ్యూజ్, పిపెట్, తెమడ

కంటికి కనపడనిది కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు.

సెంట్రిఫ్యూజ్ పూర్తిగా ఆగేదాకా మూత తియ్యొద్దు. రోటర్‌ని వేలితో ఆపడం చూస్తూనే ఉంటాం, వద్దు. లోపల ట్యూబు పగిలిన చప్పుడు వస్తే స్విచ్ ఆపి, మూత తియ్యకుండా 30 నిమిషాలు వదిలెయ్యండి, తుంపర్లు కిందికి దిగాలి. మూత తీసేశాక పగిలిందని కనిపించినా వెంటనే మళ్ళీ మూసి అదే 30 నిమిషాలు. తర్వాత మందపాటి గ్లోవ్స్, మాస్క్ వేసుకుని గాజు ముక్కలు ఫోర్సెప్స్‌తోనే తియ్యాలి, బకెట్లు, రోటర్ 70% ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరాకే ప్లగ్ పెట్టాలి. అక్కడ హైపో వేస్తే లోహం పాడవుతుంది.

ట్యూబు మూత బొటనవేలితో టప్‌మని తెరవకుండా, పైన టిష్యూ పెట్టి మెల్లగా తిప్పుతూ తియ్యండి. పిపెట్‌లో చివరి చుక్క బలంగా ఊదకండి, ట్యూబు గోడకి ఆనించి వదలండి. నోటితో పీల్చే పిపెట్ ఏదైనా ల్యాబ్‌లో ఇంకా ఉంటే ఈ రోజే పారెయ్యండి.

తెమడ: పేషెంట్ చేత ల్యాబ్ లోపలా, బాత్రూమ్‌లోనూ దగ్గించకూడదు, బయట గాలి ఆడే చోట, మనుషులకి దూరంగా. టీబీ అనుమానం ఉన్న డబ్బా తెరిచేవాళ్ళు ఎన్95 పెట్టుకోవాలి, సర్జికల్ మాస్క్ లోపలికి పీల్చే గాలిని సరిగ్గా వడకట్టదు, పక్కల్లోంచి వస్తుంది. స్మియర్ చేసిన స్లైడ్ పూర్తిగా ఆరాకే మంట మీద చూపించాలి, తడిగా ఉన్నప్పుడు చూపిస్తే చిటపటలాడి తుంపర్లు లేస్తాయి. వాడిన పుల్లలు, డబ్బాలు 5% ఫినాల్‌లో రాత్రంతా ఉంచండి. ఇక్కడ ఫినాల్ అంటే కెమికల్ షాపులో దొరికే ఫినాల్, నేల తుడిచే తెల్ల ఫినాయిల్ కాదు, ఈ రెండూ ఒకటే అనుకుని ఏళ్ళ తరబడి వాడేవాళ్ళున్నారు.

టీబీ కల్చర్ (శాంపిల్‌లోని క్రిముల్ని పెంచడం) మాత్రం చిన్న ల్యాబ్‌లో చెయ్యొద్దు. శాంపిల్ సరిగ్గా ప్యాక్ చేసి పెద్ద ల్యాబ్‌కి పంపండి.

## 7. లామినార్ వేరు, సేఫ్టీ క్యాబినెట్ వేరు

కాలేజీల్లో గాజు తలుపు ఉన్న ప్రతి పెట్టెనీ లామినార్ అనేస్తారు. అడ్డంగా గాలి కొట్టే లామినార్ ఫ్లో మీడియాని (క్రిముల్ని పెంచడానికి వాడే ఆహారాన్ని) కాపాడుతుంది, మనిషిని కాదు, శాంపిల్ మీదుగా వచ్చిన గాలి నేరుగా మీ మొహానికే కొడుతుంది. దాంట్లో పేషెంట్ శాంపిల్ గానీ రోగకారక కల్చర్ గానీ తెరవకూడదు. కావాల్సింది క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్.

అది ఉంటే ఇలా:

- పనికి ముందు 5 నిమిషాలు ఆన్ చేసి వదలండి
- ముందున్న జాలీ మీద కాగితాలు, చేతులు పెట్టకండి, గాలి గోడ అక్కడే ఉంది
- పని జాలీకి కనీసం 10-15 సెంటీమీటర్లు లోపల
- చేతులు నెమ్మదిగా లోపలికి, బయటికి. వెనక ఎవరైనా నడిచినా గాలి చెదురుతుంది
- లోపల బన్సెన్ బర్నర్ వద్దు, వాడి పారేసే లూప్‌లు వాడండి
- ఏడాదికోసారి ఇంజనీరుతో సర్టిఫికేషన్. యూవీ లైటు వెలుగుతోంది కదా అని సరిపెట్టుకోకండి, దుమ్ము పట్టిన యూవీ ట్యూబు నీలంగా వెలుగుతుంది గానీ పని చెయ్యదు

కల్చర్ చేసేవాళ్ళకి ఒక్కటి. ప్లేటు మూత తీసి వాసన చూసే అలవాటు పాతకాలం సార్లు నేర్పించింది, వదిలెయ్యండి. గొర్రెలు, గేదెలు పెంచేవాళ్ళ జ్వరం కేసుల్లో బ్లడ్ కల్చర్ నుంచి బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా రావచ్చు, ల్యాబ్‌లో మనుషులకి అంటుకునే వాటిల్లో అది ముందుంటుంది. నెమ్మదిగా పెరిగే చిన్న గ్రామ్ నెగటివ్ కోకోబాసిలై కనిపిస్తే ప్లేటు టేప్ వేసి క్యాబినెట్‌లోకి మార్చండి. బెంచ్ మీద ఇప్పటికే తెరిచేసి ఉంటే ఆ గదిలో ఉన్నవాళ్ళ పేర్లు రాసి డాక్టర్‌కి చెప్పండి, ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ కోర్సు ఉంది.

## 8. శాంపిల్ కింద పడితే: స్పిల్

కిట్ ముందే సర్దిపెట్టి గోడకి తగిలించండి. గ్లోవ్స్ రెండు జతలు, మాస్క్, కళ్ళద్దాలు, పీల్చే కాగితం లేదా కాటన్, ఫోర్సెప్స్, చిన్న చేట, పసుపు బ్యాగు. హైపో మాత్రం ఆ రోజు కలిపిందే.

వరస:

1. "పడింది, ఇటు రాకండి" అని గట్టిగా చెప్పండి. తెమడ, కల్చర్ అయితే అందరూ బయటికి, తలుపు మూసి 30 నిమిషాలు ఆగండి
2. గ్లోవ్స్, మాస్క్, కళ్ళద్దాలు
3. పీల్చే కాగితం కప్పండి
4. దాని మీద 1% హైపో, బయటి అంచు నుంచి మధ్యకి. మధ్యలో మొదలుపెడితే చుట్టూ పాకుతుంది
5. 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. నిజంగా గడియారం చూసి
6. గాజు ముక్కలు ఫోర్సెప్స్‌తో గట్టి డబ్బాలోకి, కాగితం పసుపు బ్యాగులోకి
7. ఇంకోసారి హైపోతో తుడిచి, తర్వాత నీళ్ళతో
8. చేతులు కడుక్కుని రిజిస్టర్‌లో రాయండి

ఆయమ్మని పిలిచి మాప్ పెట్టించడం చాలా చోట్ల జరిగే తప్పు. ఆ మాప్ తర్వాత రిసెప్షన్ దాకా తిరుగుతుంది.

## 9. వేస్టు, ఆటోక్లేవ్, తాళం

పసుపు: రక్తం అంటిన కాటన్, గుడ్డ, కల్చర్ ప్లేట్లు. ఎరుపు: ప్లాస్టిక్ ట్యూబులు, సూది తీసేసిన సిరంజిలు, గ్లోవ్స్. తెల్లది: సూదులు, లాన్సెట్లు, బ్లేడ్లు, గుచ్చుకున్నా చిరగని డబ్బా. నీలం: గాజు సామాను. 48 గంటలు దాటి ల్యాబ్‌లో ఉంచకూడదు, బార్‌కోడ్ వేసి వేస్టు తీసుకెళ్ళే బండివాళ్ళకి ఇవ్వాలి.

రక్తం శాంపిల్స్, కల్చర్లు బండివాళ్ళకి ఇచ్చేముందు ల్యాబ్‌లోనే చంపాలి. మూత బిగించి ఉన్న ట్యూబుని హైపో బకెట్‌లో ముంచితే లోపల ఏమీ జరగదు, గడ్డకట్టిన రక్తంలోకి అసలే దిగదు. ఆవిరి వేడితో క్రిముల్ని చంపే ఆటోక్లేవే దారి.

మీడియాకి పెట్టే 15 నిమిషాలు వేస్టుకి చాలవు. రూల్స్ ప్రకారం 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 60 నిమిషాలు. నిలువు ఆటోక్లేవ్ ఇంట్లో కుక్కర్ లాంటిదే, ముందు ఆవిరి ధారగా వచ్చి లోపలి గాలంతా పోయాకే వాల్వ్ మూయాలి, గాలి మిగిలితే ప్రెషర్ ముల్లు 15 చూపిస్తుంది గానీ వేడి 121కి రాదు. బ్యాగు మూతి బిగించి కట్టకండి, మూడొంతులకి మించి నింపకండి, కరెంటు పోతే టైము మళ్ళీ మొదటి నుంచి. బ్యాగుకి అంటించే ఆటోక్లేవ్ టేపు మీద నల్ల గీతలు వచ్చాయంటే బ్యాగు పైన వేడి తగిలిందని మాత్రమే, లోపల చచ్చాయో లేదో తెలియాలంటే వారానికోసారి జియోబాసిలస్ స్టియరోథర్మోఫిలస్ (వేడికి తేలిగ్గా చావని బ్యాక్టీరియా) స్పోర్ స్ట్రిప్ బ్యాగు మధ్యలో పెట్టాలి.

బయటికి పంపే శాంపిల్‌కి మూడు పొరలు. ట్యూబు, దాని చుట్టూ కాటన్, కారని డబ్బా లేదా జిప్ కవర్, ఆ పైన గట్టి పెట్టె. పెట్టె మీద పంపేవాళ్ళ నంబర్, అందుకునేవాళ్ళ నంబర్, బయలాజికల్ శాంపిల్ అని. బస్సు పార్శిల్‌లో క్యారీబ్యాగు కట్టి పంపిస్తే ఆ క్లీనర్ కుర్రాడికి అందులో ఏముందో తెలీదు కదా.

ఇక తాళం. దాచిన కల్చర్లు, పాజిటివ్ సీరమ్ ఉన్న ఫ్రీజర్‌కి తాళం, లోపల ఏముందో లిస్టు, తీసినవాళ్ళ సంతకం. ఉద్యోగం మానేసిన మనిషి దగ్గర తాళంచెవి ఉండిపోతే తాళమే మార్చండి. ప్రాజెక్టుకి కావాలని అడిగిన స్టూడెంట్‌కి కల్చర్ స్లాంట్ (కల్చర్ పెంచిన ట్యూబు) జేబులో పెట్టి పంపొద్దు, వాళ్ళ గైడ్ సంతకంతో లెటర్ ఉండాలి. ఎవరూ గుర్తుపట్టని పాత వయల్స్ ఆటోక్లేవ్ చేసి లిస్టులోంచి కొట్టెయ్యండి.

## 10. సూది గుచ్చుకుంటే

కంగారులో ఎవరికీ ఏదీ గుర్తుండదు, అందుకే ఈ ముక్క ప్రింట్ తీసి గోడకి అంటించండి.

1. పని అక్కడే ఆపండి. గ్లోవ్ తీసి సబ్బు, పారే నీళ్ళతో కడగండి
2. పిండొద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు, హైపో, డెటాల్, స్పిరిట్ పొయ్యొద్దు
3. కంట్లో పడితే కాంటాక్ట్ లెన్స్ ఉన్నా అలాగే నీళ్ళు పోసి కడగండి, లెన్స్ తర్వాత తియ్యండి, తర్వాత మళ్ళీ కడగండి
4. ఇన్‌చార్జికి చెప్పండి, టైము రాసుకోండి, ఎవరి శాంపిలో గుర్తుపెట్టుకోండి
5. దగ్గర్లోని గవర్నమెంటు ఆసుపత్రి క్యాజువాల్టీకి గానీ హెచ్ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి గానీ వెంటనే వెళ్ళండి

హెచ్ఐవీ మందు మొదటి డోసు 2 గంటల్లోపు పడితే మేలు, 72 గంటలు దాటితే మొదలుపెట్టరు. పేషెంట్ రిపోర్టు వచ్చేదాకా ఆగుదాం అనుకోకండి, మొదటి డోసు వేసుకుని ఆ తర్వాత రిపోర్టు చూసుకోవచ్చు, అవసరం లేదంటే డాక్టరే ఆపేస్తారు. కోర్సు 28 రోజులు, టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర. ఎక్కడికి పోవాలో తెలీకపోతే 1097కి ఫోన్ చెయ్యండి, అది న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

భయం ఎంత ఉండాలో కూడా చెప్తా. హెచ్ఐవీ ఉన్న రక్తంతో సూది గుచ్చుకుంటే అంటుకునే అవకాశం వెయ్యిలో మూడు. టీకా వేసుకోనివాళ్ళకి హెపటైటిస్ బీ అయితే నూటికి 6 నుంచి 30 దాకా. అందరూ హెచ్ఐవీ గురించే ఏడుస్తారు, బీ సంగతి అడగరు. టీకా లేనివాళ్ళు, టైటర్ రానివాళ్ళు ఆ రోజే డాక్టర్‌కి చెప్తే ఇమ్యునోగ్లోబులిన్, టీకా రెండూ ఇస్తారు, వీలైతే 24 గంటల్లోపు.

ఆ రోజు మీ రక్తం కూడా టెస్టుకి ఇవ్వాలి, ఇది ముందు నుంచే ఉన్నది కాదని రుజువు కోసం. తర్వాత 6 వారాలకి, 3 నెలలకి, 6 నెలలకి. హెపటైటిస్ సీకి టీకాగానీ ముందు మందుగానీ లేదు, దాన్ని టెస్టులతోనే గమనించుకోవాలి, వస్తే నయం చేసే మాత్రలు ఇప్పుడున్నాయి. యజమాని యాక్సిడెంట్ ఫారం నింపాలి, "ఎందుకు గొడవ" అని నోటిమాటతో వదిలేస్తే రేపు ఏమైనా తేలినప్పుడు మీ దగ్గర కాగితం ఉండదు. ఈ ఆరు నెలలూ డ్యూటీ మామూలుగా చెయ్యొచ్చు, ఇంట్లో కలిసి తినొచ్చు, బ్లడ్ డొనేషన్ మాత్రం వద్దు, భార్యాభర్తలు కండోమ్ వాడాలి.